ఇప్పనూనె, కాస్టిక్ సోడా, కాసింత లెక్క

వసారాలో స్టీలు గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. గిన్నెలో గోరువెచ్చటి కొబ్బరినూనె, ఇప్పనూనె, అందులో కలిపిన చెంచాడు పసుపు. చల్లారిన కాస్టిక్ నీళ్ళు సన్నధారగా పోసి తిప్పగానే ఆ పసుపు కాస్తా ఎర్రబారి, ఇటుకపొడి కలిపినట్టు అయిపోయింది. పెరట్లోంచి వస్తున్న పిన్ని ఆగి చూసింది. "ఏటే అది, పారాణి గానీ కలుపుతున్నావా?"

పిన్ని వేళాకోళానికే అంది గానీ సరిగ్గా అదే జరిగింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది. కుంకుమ తయారీలో ఉన్న కిటుకూ అదే. పసుపుకి రంగునిచ్చే కుర్కుమిన్ అనే పదార్థానికి క్షారం తగిలితే ఎర్రబడే గుణం ఉంది. సున్నం క్షారం. కాస్టిక్ సోడా అంతకన్నా గట్టి క్షారం. ఇదంతా చెబుతుంటే కాస్టిక్ అన్న మాట దగ్గర పిన్ని మొహం మారిపోయింది. "డ్రైనేజీ పైపుల్లో పోసేది కదే అది! నాచురల్ సబ్బన్నావు?"

పర్లాకిమిడిలో నేను సబ్బులు చేస్తానని తెలిసినవాళ్ళు తెలుగులో అడిగినా, ఒడియాలో అడిగినా ప్రశ్న ఒకటే: కెమికల్స్ లేవు కదా? "లేవు" అని ఒక్కముక్కలో చెప్పేస్తే సబ్బు అమ్ముడుపోతుంది. కానీ అది అబద్ధం. కాస్టిక్ సోడా లేకుండా స్నానం సబ్బు బిళ్ళ అనేది లేదు. మీ బాత్రూములో ఇప్పుడున్న సబ్బుకీ, వేలకి వేలు పోసి కొనే ఆర్గానిక్ సబ్బుకీ మూలం అదే. తేడా అంతా ఎంత కాస్టిక్, ఏ నూనెకి, ఎంత ఓపిగ్గా అన్నదాంట్లో ఉంది.

ముక్కాలిపీట

నూనె గాని, కొవ్వు గాని దగ్గర్నుంచి చూస్తే ముక్కాలిపీటలా ఉంటుంది. పైన బల్ల గ్లిజరిన్. కింద మూడు కాళ్ళు, ఒక్కోటీ ఒక్కో కొవ్వు ఆమ్లం. కాస్టిక్ సోడా నీళ్ళలో కలిసి నూనెని తాకినప్పుడు ఆ కాళ్ళని ఒక్కోటే ఊడబెరుకుతుంది. ఊడిన కాలికి కాస్టిక్‌లోని సోడియం అతుక్కుంటుంది. సోడియం అతుక్కున్న ఆ కాలే సబ్బు. బల్ల విడిగా గ్లిజరిన్‌గా మిగిలిపోతుంది. అంతే, ఇంకేం లేదు. పుస్తకాల్లో దీన్ని సపోనిఫికేషన్ అంటారు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊళ్ళో కూర్చుని ఆ మాట పదేపదే రాయడానికి నాకు మనసొప్పదు. సబ్బు కట్టడం అంటాను.

సబ్బుకి ఒక కొస నీళ్ళని ఇష్టపడుతుంది, రెండో కొస జిడ్డుని. ఒంటి మీది జిడ్డుని ఒక చేత్తో, నీళ్ళని ఇంకో చేత్తో పట్టుకుని రెంటినీ కలిపి కాలవలోకి తీసుకుపోతుంది. మట్టి ఆ జిడ్డుతో పాటే పోతుంది.

మరి కాస్టిక్ ఏమైనట్టు? అన్నం వండాక బియ్యం ఎక్కడికి పోయాయని ఎవరూ అడగరు. లెక్క సరిగ్గా ఉంటే కాస్టిక్ అంతా సబ్బులోకి మారిపోతుంది, విడిగా మిగలదు. లెక్క తప్పితే మిగులుతుంది, అప్పుడే చర్మం మండేది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "కాస్టిక్ వేశారా" అని కాదు, "ఎంత వేశారు, ఎలా తూచారు" అని.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. సోడా అనే మాట మన ఇళ్ళల్లో మూడింటికి వాడతాం. బజ్జీల్లో వేసే తినేసోడా, బట్టలు నానబెట్టే బట్టలసోడా, ఈ కాస్టిక్ సోడా. మూడూ వేరు. మొదటి రెండింటికీ మామూలుగా నూనెని సబ్బు కట్టించేంత బలం లేదు. బేకింగ్ సోడాతో ఇంట్లోనే సబ్బు అని ఫోన్లో తిరిగే వీడియోలు నమ్మి నూనె పాడుచేసుకున్నవాళ్ళని చూశాను. వాళ్ళకి మిగిలింది నీళ్ళ మీద తేలే నూనే.

బూడిదతో సబ్బు చేసేవారట కదా అని ఎవరో ఒకరు అంటారు. నిజమే. కట్టెల బూడిదలో, ముఖ్యంగా అరటి బోదె కాల్చిన బూడిదలో, పొటాషియం కార్బొనేట్ ఉంటుంది. ఆ బూడిద నీళ్ళకి సున్నం తోడైతే గట్టి క్షారం వస్తుంది, దాంతో నూనె ఉడికిస్తే సబ్బు కడుతుంది. కాకపోతే పొటాషియం సబ్బు బిళ్ళగా గట్టిపడదు, మెత్తగా ముద్దలా ఉండిపోతుంది. పైగా ఈ పొయ్యి బూడిదకీ ఆ పొయ్యి బూడిదకీ బలం ఒకటి కాదు కాబట్టి లెక్క కుదరదు. 1791లో ఫ్రాన్సులో నికొలాస్ లబ్లాంక్ ఉప్పు నుంచి బట్టలసోడా (సున్నం తోడైతే ఇదీ గట్టి క్షారమే) తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక గాని సబ్బుల పరిశ్రమకి ఆ బెడద తీరలేదు. అసలు కొవ్వులో ఏముందో, సబ్బెలా కడుతుందో షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త 1823లో అచ్చువేసేదాకా ఎవరికీ స్పష్టంగా తెలియదు. అంతవరకూ వేల ఏళ్ళు జనం చేతి అంచనాతోనే లాక్కొచ్చారు.

నూనెకో అంకె

ప్రతి నూనెకీ ఒక అంకె ఉంటుంది. ఒక గ్రాము నూనె పూర్తిగా సబ్బు కట్టడానికి ఎన్ని గ్రాముల కాస్టిక్ కావాలో చెప్పే అంకె. కొబ్బరినూనెకి 0.183. ఆముదానికి 0.128. తవుడునూనెకి 0.133. ఇప్పనూనెకి 0.135 దగ్గర. కొబ్బరికీ ఆముదానికీ ఎంత దూరముందో చూడండి. ఇంట్లో కొబ్బరినూనె అయిపోయిందని అదే కొలత ఆముదం పోస్తే కాస్టిక్ బోలెడు మిగిలిపోతుంది, ఆ సబ్బు నేల కడగడానికి తప్ప పనికిరాదు.

నేను ఎక్కువగా చేసే సబ్బు లెక్క ఇది. కొబ్బరినూనె 400 గ్రాములు, ఇప్పనూనె 300, తవుడునూనె 200, ఆముదం 100. మొత్తం కిలో. ఒక్కోదాన్ని దాని అంకెతో గుణిస్తే 73.2, 40.5, 26.6, 12.8 వస్తాయి. కూడితే 153 గ్రాములు. అంత కాస్టిక్ పూర్తిగా వేయను. 5 శాతం తగ్గించి 145 గ్రాములే వేస్తాను. అంటే కొంచెం నూనె సబ్బు కట్టకుండా మిగిలిపోవాలని కావాలనే చేస్తాం. ఆ మిగిలిన నూనె చర్మానికి మంచిది. అంతకన్నా ముఖ్యంగా తూకంలో చిన్న తేడా వచ్చినా కాస్టిక్ మిగలకుండా అదే కాపాడుతుంది. నీళ్ళు కాస్టిక్‌కి రెట్టింపు, 290 గ్రాములు.

ఈ తూకం విలువ నాకు పుస్తకం చదివి తెలియలేదు. మొదట్లో అచ్చంగా కొబ్బరినూనెతో ఒక విడత చేశాను. లీటరు ప్యాకెట్ చించి గిన్నెలో పోసి, కిలో నూనెకి 183, అందులో 5 శాతం తగ్గిస్తే 174 అని లెక్కేసుకుని 174 గ్రాముల కాస్టిక్ వేశాను. సబ్బు అందంగా, పాలరాయిలా వచ్చింది. నాలుగు వారాలాగి, తడివేలితో రుద్ది ఆ నురగ నాలుక కొసకి తగిలిస్తే చురుక్కుమంది, తొమ్మిది వోల్టుల బ్యాటరీ నాలుక్కి పెట్టినట్టు. అలా చురుక్కుమంటే కాస్టిక్ మిగిలిందని అర్థం. ఎక్కడ తప్పిందో తెలియక రెండ్రోజులు ఒకటే టెన్షన్. చివరికి చెత్తబుట్టలోంచి ప్యాకెట్ తీసి చూస్తే దాని మీదే ఉంది: 1 లీటరు, 910 గ్రాములు. నూనె నీళ్ళకన్నా తేలిక. లీటరంటే కిలో కాదు. 910 గ్రాములకి మొత్తం కలిపినా 166.5 గ్రాములే కావాలి, నేను ఏడున్నర గ్రాములు ఎక్కువేశాను. బిళ్ళలన్నీ కొబ్బరికోరులా తురిమి, తక్కువైన 90 గ్రాముల నూనె పోసి, కొంచెం నీళ్ళు చిలకరించి సన్నటి సెగ మీద మళ్ళీ ఉడికించాను. చూడ్డానికి ఉప్మాలా తయారైంది గానీ చురుకు పోయింది. అప్పట్నుంచి నా దగ్గర గ్లాసు కొలతలూ గరిట కొలతలూ లేవు. నీళ్ళతో సహా అన్నీ డిజిటల్ కాటా మీదే.

అన్నట్టు, ఆ కాస్టిక్ డబ్బా మూత సరిగ్గా పెట్టకపోయినా లెక్క తప్పుతుంది, కాకపోతే రెండో వైపుకి. అది గాలిలోని తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చుకుని బలం తగ్గిపోతుంది. గడ్డకట్టిన పాత కాస్టిక్‌తో చేసిన సబ్బు ఎన్నాళ్ళైనా జిడ్డు వదలదు.

ఏ నూనె ఏం చేస్తుంది

ముక్కాలిపీట కాళ్ళు అన్ని నూనెల్లోనూ ఒకటి కావు. అందుకే ఒక్కో నూనెతో ఒక్కోరకం సబ్బు. కొబ్బరినూనెలో సగం దాకా లారిక్ ఆమ్లం. పొట్టి కాలు. నీళ్ళలో ఇట్టే కరిగి బండెడు నురగనిస్తుంది, సబ్బు రాయిలా గట్టిపడుతుంది. కానీ జిడ్డుని ఎంత బాగా లాగుతుందంటే చర్మంలో ఉండాల్సిన జిడ్డుని కూడా వదలదు. అచ్చం కొబ్బరితో చేసిన సబ్బుతో స్నానం చేస్తే చలికాలంలో మోచేతులు బూడిదకొట్టుకుపోతాయి. అందుకే దాన్ని 40 శాతం దాటనివ్వను.

ఆముదం ఒంటరిగా పనికిరాదు, తోడుగా దివ్యంగా ఉంటుంది. దాన్లో 90 శాతం దాకా రిసినోలిక్ ఆమ్లం. దానికి తేమని పట్టి ఉంచే గుణం ఉంది, ఇతర నూనెలిచ్చిన నురగని నిలబెడుతుంది. పదో వంతు చాలు, ఎక్కువైతే సబ్బు చేతికి అంటుకుంటుంది. తవుడునూనె, పొద్దుతిరుగుడు లాంటివి మెత్తదనం కోసం. వీటిని అతిగా వాడితే కొన్ని నెలలకి సబ్బు మీద నారింజరంగు మచ్చలు లేచి పాతనూనె వాసన కొడుతుంది. వేపనూనె, కానుగనూనె వాసన మీకు చెప్పక్కర్లేదు. పది శాతంలోపే. ఎంత మందు గుణం ఉన్నా సబ్బు ఒంటి మీద అర నిమిషమే ఉంటుందని, అది కడుక్కునే వస్తువని మర్చిపోకూడదు. వేప సబ్బుతో గజ్జి పోతుందని ఎవరైనా రాస్తే నేను నమ్మను.

ఇప్పనూనె దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అది మా ప్రాంతపు నూనె. గుమ్మ, సెరంగో వైపు కొండల్లో సవరలకి ఇప్పచెట్టు ఇంటి మనిషి లాంటిది. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున రాలిన పువ్వు ఏరుకుంటారు. కాయ పండి గింజ రాలేది వానలు మొదలయ్యే ముందూ వెనకాను. ఒడియాలో పువ్వు మహుల, గింజ టోల. ఆ గింజలో మూడో వంతుకి పైనే నూనె ఉంటుంది. ఒకప్పుడు దీపానికీ, ఒంటికీ, కొండల్లో వంటకీ కూడా అదే నూనె.

సబ్బు చేసేవాళ్ళకి ఇప్పనూనె ఎందుకు ముద్దంటే, బయట దేశాల వాళ్ళు పామాయిల్‌నో పశువుల కొవ్వునో దేనికి వాడతారో ఆ పని ఇది చేస్తుంది. పామిటిక్, స్టియరిక్ అనే గట్టి కాళ్ళు రెండూ కలిసి దీన్లో సగానికి దగ్గరగా ఉంటాయి. సబ్బు త్వరగా అరిగిపోదు, నురగ చిన్న బుడగలతో మీగడలా ఉంటుంది. మిగిలిన దాన్లో ఎక్కువ భాగం ఆలివ్ నూనెలో ఉండే ఒలియిక్ ఆమ్లమే. అంటే గట్టిదనం, మెత్తదనం ఒకే గింజలో దొరికాయి. ఇక్కడ ఇది ఉండగా స్పెయిన్ ఆలివ్ నూనె తెప్పించి నాచురల్ సబ్బు చేయడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

అయితే సంతలో సీసాలో దొరికే ఇప్పనూనెని గుడ్డిగా కొనకూడదు. గింజ తడిసినా, ఎక్కువకాలం నిల్వ ఉన్నా నూనెలోని కాళ్ళు వాటంతటవే ఊడి విడి ఆమ్లాలుగా తిరుగుతుంటాయి. అలాంటి నూనెకి కాస్టిక్ తగలగానే క్షణాల్లో ముద్దకట్టేస్తుంది, అచ్చులో పోసే టైము కూడా ఇవ్వదు. నేను మూత తీసి వాసన చూస్తాను, రెండు చుక్కలు అరచేతిలో రుద్దుతాను. కొత్తనూనెకి లేత పసుపు, నెయ్యి ఛాయ ఉంటుంది. ముదురు గోధుమరంగు తిరిగి గొంతులో పట్టే వాసన వస్తే దీపానికి తీసుకుంటాను గానీ సబ్బుకి తీసుకోను.

చలికాలంలో ఇంకో మోసం. ఇప్పనూనె నెయ్యిలా పేరుకుపోతుంది. పూర్తిగా కరగకముందే కాస్టిక్ నీళ్ళు కలిపితే చల్లబడ్డ కొవ్వు చిక్కబడి, సబ్బు కట్టేసిందేమో అనిపిస్తుంది. సబ్బు కట్టేటప్పుడు గిన్నెలోది చిక్కబడటాన్ని ట్రేస్ అంటారు, దీన్ని నేను దొంగ ట్రేస్ అంటాను. అచ్చులో పోశాక తెల్లారేసరికి అడుగున కాస్టిక్ నీళ్ళు, పైన నూనె. అందుకే నూనెలన్నీ కరిగి నీళ్ళలా అయ్యేదాకా వేడిచేసి, 40 డిగ్రీల దగ్గరకి వచ్చాకే కలుపుతాను.

గిన్నె దగ్గర

ఇక్కడ మాత్రం కచ్చితంగా చెప్పాలి. కాస్టిక్‌ని నీళ్ళలో వేయాలి, కొంచెం కొంచెంగా, తిప్పుతూ. కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు, భగ్గున పొంగి మీదకి చిమ్ముతుంది. పొయ్యి లేకుండానే ఆ నీళ్ళు 80 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి, మొదటి నిమిషంలో వచ్చే ఆవిరి గొంతు పట్టేస్తుంది. ఆరుబయట చేయండి. కళ్ళద్దాలు అంటే చత్వారం అద్దాలు కాదు, పక్కలు మూసుకునే గాగుల్స్. రబ్బరు గ్లౌజులు. పిల్లలూ పిల్లులూ లేని వేళ. చర్మం మీద పడితే ధారగా నీళ్ళు వదిలి చాలాసేపు కడగాలి, నిమ్మరసమో వెనిగరో రాసి ప్రయోగాలు చేయకూడదు. కంట్లో పడితే అలాగే కడుగుతూ ఆసుపత్రికి.

సత్తు గిన్నె వద్దు. అల్యూమినియాన్ని కాస్టిక్ తినేస్తుంది, బుసబుసా పొంగి హైడ్రోజన్ వస్తుంది, అది అంటుకునే వాయువు. స్టీలు గిన్నె, లేదా వేడి తట్టుకునే గట్టి ప్లాస్టిక్. సబ్బుకి వాడినవి మళ్ళీ వంటింట్లోకి పోకూడదు. ఈ విషయంలో మా ఇంట్లో ఒక మంచి గరిట విషయమై చిన్న యుద్ధమే జరిగింది.

కలిపాక హ్యాండ్ బ్లెండరుతో ఆగి ఆగి తిప్పితే కొన్ని నిమిషాల్లో చిక్కబడుతుంది. గరిటతో ఎత్తి పోస్తే ఆ ధార గీత పైన కాసేపు నిలబడాలి, బజ్జీలపిండి మీద నిలబడ్డట్టు. అదే ట్రేస్. అచ్చులో పోసి కప్పిపెడితే లోపల అదే వేడెక్కి ఒకటి రెండు రోజుల్లో కోతకి వస్తుంది. కోసినప్పటికే సబ్బు కట్టడం చాలావరకు అయిపోయి ఉంటుంది. మరి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగడమెందుకు? నీళ్ళు ఆరడానికి. కలిపినదంతా తూస్తే 1,435 గ్రాములు, అందులో 290 నీళ్ళే. ఆరని సబ్బు రెండు స్నానాలకే జావ అయిపోతుంది. నేను వెదురు తట్టలో ఎడంగా పేర్చి పెడతాను. పేపరు మీద పెట్టొద్దు, నిన్నటి వార్తలు సబ్బు మీద అచ్చవుతాయి. శ్రావణ భాద్రపదాల్లో ఆరు వారాలు కూడా చాలవు. మా వైపు గాల్లోనే నీళ్ళుంటాయి, పైగా సబ్బులోని గ్లిజరిన్ ఆ తేమని లాక్కుని ముత్యాల్లా చెమట పోస్తుంది.

ఆ గ్లిజరిన్ ఇంటి సబ్బుకున్న నిజమైన గొప్ప. కిలో నూనెకి దగ్గరదగ్గర 100 గ్రాములు పుడుతుంది, అంతా సబ్బులోనే ఉండిపోతుంది. పెద్ద ఫ్యాక్టరీలు చాలావాటిలో దాన్ని విడదీసి వేరే అమ్ముకుంటారు, ఎందుకంటే మందులకీ క్రీములకీ దానికి మంచి గిరాకీ.

ఆకులూ పువ్వుల సంగతికొస్తే నేను కొంచెం నిర్దయగా మాట్లాడతాను. మందారం, బీట్‌రూట్, గులాబీ రేకులు, ఏదైనా సరే కాస్టిక్ ముందు నిలవవు, గోధుమరంగు తిరిగిపోతాయి. వేపాకు పచ్చదనం కొన్ని వారాలే. ఫోటోలో గులాబీరంగు బీట్‌రూట్ సబ్బు కనిపిస్తే ఆ రంగు బీట్‌రూట్‌ది కాదు. నిలిచేవి బొగ్గుపొడి, ముల్తానీ మట్టి, నీలిమందు, జాఫ్రా. జాఫ్రా గింజలు గోరువెచ్చటి నూనెలో వేసి ఉంచితే దిగే నారింజరంగు మందంగా, అందంగా ఉంటుంది. పసుపు ఎర్రబడి, సబ్బు కట్టి క్షారం తగ్గేకొద్దీ ఆవపిండి రంగుకి దిగుతుంది, ఎండ తగిలితే అదీ వెలుస్తుంది. మేకపాలు వేయాలంటే గడ్డకట్టించి వేయాలి, లేకపోతే పాలలో చక్కెర మాడి వంటిల్లంతా కంపు. నిమ్మరసం పోస్తే అందులోని ఆమ్లం కాస్టిక్‌ని తినేసి లెక్క మార్చేస్తుంది, విటమిన్ సి మాత్రం ఏమీ మిగలదు. లవంగనూనె కొంచెం ఎక్కువైతే గిన్నెలోనే గడ్డకట్టేస్తుంది. నిమ్మగడ్డి నూనె బుద్ధిగా ఉంటుంది, నూనెల బరువులో 2 శాతం చాలు.

కాస్టిక్ అసలు ముట్టనే ముట్టం అనేవాళ్ళకి దారి లేకపోలేదు. కుంకుడుకాయ. కానీ అది సబ్బు కాదు. కుంకుడు తొక్కలో సాపోనిన్లు అని వేరే పదార్థాలుంటాయి, చెట్టే వాటిని తయారుచేసి పెట్టింది. నురగ వస్తుంది, జిడ్డు వదులుతుంది, కళ్ళు మండుతాయి. సీకాయదీ అదే దారి. సున్నిపిండి జిడ్డుని పీల్చుకుని రుద్దుడుతో వదిలిస్తుంది. మా మామ్మ డెబ్భై ఏళ్ళు దాటేదాకా తలకి కుంకుడూ ఒంటికి సున్నిపిండే వాడింది. కాస్టిక్ లేని నాచురల్ సబ్బు కావాలి అంటే నేను చూపించేది ఆ రెండే.

రేపరు మీద ఏముంది

అంగట్లో సబ్బు తిరగేసి చూడండి. సోడియం పామేట్ అంటే పామాయిల్‌ని కాస్టిక్‌తో సబ్బు కట్టించగా వచ్చింది. సోడియం కోకోయేట్ అంటే కొబ్బరినూనెది. సోడియం పామ్ కెర్నలేట్ అంటే పామ్ గింజ నూనెది. నా సబ్బు మీద "కొబ్బరినూనె, కాస్టిక్ సోడా" అని ఉంటుంది, దాని మీద ఆ రెండూ కలిశాక వచ్చిన పేరు ఉంటుంది. అదొక్కటే తేడా, కానీ చదివేవాళ్ళకి అక్కడ కాస్టిక్ కనపడదు, ఇక్కడ కనపడుతుంది.

టిఎఫ్ఎం అన్న అంకె కూడా ఉంటుంది, మొత్తం కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పేది. భారతీయ ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సోప్ గ్రేడ్ 1 అంటే 76 శాతం తగ్గకూడదు, గ్రేడ్ 2కి 70, గ్రేడ్ 3కి 60. బేదింగ్ బార్ అని రాసి ఉంటే అది వేరే తరగతి, 40 ఉన్నా చాలు. నా సబ్బు లెక్కేసి చూస్తే కోసిన రోజు 66 దగ్గర, బాగా ఆరాక 70 దాటి 75 వైపు వెళ్తుంది. అయితే ఈ అంకె ఒక్కటే పట్టుకుని మంచీచెడూ తేల్చకూడదు. అచ్చం కొబ్బరి సబ్బుకీ టిఎఫ్ఎం బాగానే ఉంటుంది, చర్మం మాత్రం తోలులా అవుతుంది.

హ్యాండ్‌మేడ్ అని ఆన్‌లైన్లో అమ్మేవాటిలో చాలా వరకు సబ్బు బేస్ కొని కరిగించి, రంగూ సెంటూ కలిపి అచ్చులో పోసినవే. మెల్ట్ అండ్ పోర్ అంటారు. ఆ పని తప్పు కాదు, పిల్లలతో సరదాగా చేయొచ్చు కూడా. కానీ ఆ బేస్ ఏదో ఫ్యాక్టరీలో కాస్టిక్‌తోనే తయారైంది, కరగడానికీ గాజులా కనపడటానికీ వేరే పదార్థాలు కూడా కలిపి ఉంటారు. దాని మీద "కాస్టిక్ లేదు" అని రాయడం, కొన్న పెరుగుతో మజ్జిగ చేసి "పాలు లేవు" అన్నట్టు ఉంటుంది.

అమ్మదలుచుకుంటే ఇంకో మెట్టుంది. చట్టం దృష్టిలో సబ్బు కాస్మెటిక్. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారుచేసి అమ్మడానికి రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి దగ్గర లైసెన్సు తీసుకోవాలి. పర్లాకిమిడిలో చేస్తే ఒడిశా, పక్కనే ఉన్న పాతపట్నంలో చేస్తే ఆంధ్రప్రదేశ్. నూనె మాత్రం రెండు వైపులా ఒకే కొండ మీద నుంచి దిగుతుంది.

ఇక పిహెచ్. ఆమ్లమో క్షారమో చెప్పే అంకె అది, 7కి పైన క్షారం, కింద ఆమ్లం. "పిహెచ్ 5.5 నాచురల్ సోప్" అన్న మాట ఎక్కడ చూసినా నాకు నవ్వొస్తుంది. నూనె, కాస్టిక్ కలిసి పుట్టిన అసలైన సబ్బు పిహెచ్ 9, 10 దగ్గరే ఉంటుంది. దాన్ని 5.5కి దించితే సబ్బు విరిగి మళ్ళీ కొవ్వు ఆమ్లమైపోతుంది, నిమ్మరసం పడ్డ పాలలా. 5.5 ఉన్న బిళ్ళలు ఉన్నాయి, అవి సబ్బులు కావు, వేరే డిటర్జెంట్లతో చేసిన క్లెన్సింగ్ బార్లు. కొందరి చర్మానికి అవే మేలు, డాక్టర్లు రాసేది కూడా అందుకే. అవి నాచురల్ మాత్రం కావు.

పిన్నికి ఇదంతా చెప్పాను. సగం విని, "నా సబ్బు మీద మాత్రం కెమికల్స్ లేవనే రాసుందే" అని లోపలికెళ్ళి తన సబ్బు పట్టుకొచ్చింది. చీర కొంగు మీద పొద్దున్న పులిహోర కలిపినప్పుడు పడ్డ పసుపు మరక ఉంది. దాన్ని తడిపి, ఆ సబ్బుతోనే నాలుగుసార్లు రుద్దమన్నాను. రుద్దింది. మరక చూస్తూండగానే ఎర్రబడింది.

పిన్ని కొంగు వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీన్లోనూ ఉందన్నమాట" అంది. కాసేపాగి, "ఆ తట్టలో ఆరినవేవో నాకొకటి ఇటియ్యి" అంది. ఇంకా రెండు వారాలుంది పిన్నీ అన్నాను.